అమెరికా రాజకీయ వార్తను చదివే పద్ధతి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులకు మార్గదర్శిని

నెల్లూరు తీరం వెంట వనామి రొయ్యలు సాగు చేసే రైతుకు గానీ, ఒంగోలులో ఉంటూ కూతుర్ని ఎం.ఎస్. చదువుకు పంపి విద్యారుణం కడుతున్న తల్లిదండ్రులకు గానీ, అల్లుడి గ్రీన్ కార్డు (అమెరికాలో శాశ్వత నివాస అనుమతి) కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న కావలి కుటుంబానికి గానీ అమెరికా ప్రభుత్వం దూరదేశపు విషయం కాదు. అక్కడ సుంకం పెరిగిందన్న వార్త రాగానే ఇక్కడ చెరువు గట్టు మీద కౌంటు ధర (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి ఇచ్చే ధర) తగ్గిపోతుంది. వీసా నిబంధన మారిందన్న మాట వినగానే ఇళ్లలో ఫోన్లు మోగుతాయి. అయితే ఆ వార్తలు మన దాకా వచ్చే తీరు చాలా గందరగోళంగా ఉంటుంది. 'అమెరికా కొత్త చట్టం' అన్న శీర్షిక కింద ఒక సభ్యుడు ప్రవేశపెట్టి వదిలేసిన బిల్లు ఉండవచ్చు, అధ్యక్షుడు సంతకం చేసిన ఉత్తర్వు ఉండవచ్చు, ఒక శాఖ ప్రజాభిప్రాయం కోసం ప్రచురించిన ముసాయిదా ఉండవచ్చు, లేదా ఒక జిల్లా న్యాయమూర్తి ఇచ్చిన తాత్కాలిక ఆదేశం ఉండవచ్చు. వీటి బలం ఒకటి కాదు, ఆయుర్దాయం ఒకటి కాదు. కొన్ని మరుసటి వారానికే మారిపోతాయి, కొన్ని ముప్పై ఏళ్లైనా కదలవు.

అందుచేత అమెరికా నుంచి ఏ వార్త వచ్చినా ముందుగా తేల్చుకోవలసినది ఈ పని ఎవరు చేశారు, ఏ అధికారంతో చేశారు అన్నదే. అది తేలితే ఎప్పుడు అమలవుతుంది, ఎవరు ఆపగలరు, మనం ఎంత ఆందోళన పడాలి అన్నవి చాలావరకు వాటంతట అవే తేలుతాయి. ఈ వ్యాసంలో వివరించే వ్యవస్థ అంతా ఆ ఒక్క ప్రశ్నకు జవాబు వెతకడం కోసమే.

అధికారం మూడు చోట్ల ఎందుకు ఉంది

అమెరికా రాజ్యాంగాన్ని 1787లో ఫిలడెల్ఫియాలో రచించారు. 1789 నుంచి దాని ప్రకారం ప్రభుత్వం నడుస్తోంది. అందులో ఉన్నవి ఏడు అధికరణలు, ఇప్పటి దాకా చేరిన సవరణలు 27 మాత్రమే. మొదటి అధికరణ చట్టసభ అయిన కాంగ్రెస్‌కు, రెండవది అధ్యక్షుడికి, మూడవది న్యాయస్థానాలకు సంబంధించినవి. ఓపిక ఉన్న పాఠకుడు ఈ మూడు అధికరణలనైనా ఒక సాయంత్రం కూర్చుని చదవాలని నా గట్టి సలహా. మన రాజ్యాంగంతో పోలిస్తే చాలా చిన్న పత్రం అది.

మన పద్ధతికీ వారి పద్ధతికీ మౌలికమైన తేడా ఇక్కడే ఉంది. మన దగ్గర ప్రభుత్వం శాసనసభలోంచి పుడుతుంది, సభ విశ్వాసం కోల్పోతే పోతుంది. ఆంధ్ర రాష్ట్రపు తొలి ముఖ్యమంత్రి, ప్రకాశం జిల్లాకు పేరు నిచ్చిన టంగుటూరి ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఏర్పడింది 1953 అక్టోబరులో. 1954 నవంబరులోనే అవిశ్వాస తీర్మానం నెగ్గి అది పడిపోయింది. అమెరికాలో అటువంటిది జరగదు. అధ్యక్షుడు సభలోంచి రాడు, సభ చేతిలో పడిపోడు. కాంగ్రెస్ ఉభయ సభలూ ప్రతిపక్షం చేతిలో ఉన్నా నాలుగేళ్ల పదవీకాలం పూర్తి చేస్తాడు. అలాగే అధ్యక్షుడు సభలను రద్దు చేసి ముందస్తు ఎన్నికలకు వెళ్లలేడు. అక్కడి మంత్రులు చట్టసభ సభ్యులుగా ఉండకూడదు. 2025 జనవరిలో విదేశాంగ మంత్రి పదవి చేపట్టేందుకు మార్కో రూబియో తన సెనేట్ స్థానాన్ని వదులుకోవలసి వచ్చింది.

అధ్యక్షుడిని మధ్యలో తొలగించడానికి అభిశంసన ఒక్కటే రాజ్యాంగం చూపిన ముఖ్యమైన దారి. ప్రతినిధుల సభ సాధారణ మెజారిటీతో అభియోగం మోపుతుంది, సెనేట్ విచారించి మూడింట రెండు వంతుల మెజారిటీతో తీర్పు చెప్పాలి. 1868లో ఆండ్రూ జాన్సన్, 1998లో బిల్ క్లింటన్, 2019లోనూ 2021లోనూ డొనాల్డ్ ట్రంప్ అభిశంసనకు గురయ్యారు; సెనేట్‌లో ఎవరిపైనా నేరం రుజువు కాలేదు. కనుక 'అధ్యక్షుడిని అభిశంసించారు' అన్న వార్త చదివి పదవి పోయిందని అనుకోరాదు.

కాంగ్రెస్: చట్టం పుట్టే చోటు, ఎక్కువ బిల్లులు చనిపోయే చోటు

ప్రతినిధుల సభలో 435 మంది సభ్యులు ఉంటారు, వారి పదవీకాలం రెండేళ్లే. సెనేట్‌లో రాష్ట్రానికి ఇద్దరు చొప్పున 50 రాష్ట్రాలకు 100 మంది, పదవీకాలం ఆరేళ్లు. రెండేళ్లకోసారి సుమారు మూడింట ఒక వంతు స్థానాలకు ఎన్నిక జరుగుతుంది. మన రాజ్యసభలో రాష్ట్రాల స్థానాలు జనాభాను బట్టి మారుతుంటాయి, సభ్యులను శాసనసభ్యులు ఎన్నుకుంటారు. సెనేట్‌లో దాదాపు నాలుగు కోట్ల జనాభా ఉన్న కాలిఫోర్నియాకూ, ఆరు లక్షలైనా లేని వయోమింగ్‌కూ చెరి ఇద్దరే. పైగా 1913 నాటి పదిహేడవ సవరణ తరువాత సెనేటర్లను ప్రజలే నేరుగా ఎన్నుకుంటున్నారు. అందువల్ల సెనేట్‌ను రాజ్యసభ వంటి రెండవ సభగా తక్కువ అంచనా వేయడం పొరపాటు. మంత్రుల, రాయబారుల, న్యాయమూర్తుల నియామకాలను ఆమోదించేది అదే, ఒప్పందాలను ధ్రువీకరించేదీ అదే.

ఒక పోలిక మాత్రం మన జిల్లా వారికి సులభంగా గుర్తుంటుంది. నెల్లూరు జిల్లా చవటపాలెంలో పుట్టిన వెంకయ్య నాయుడు గారు 2017 నుంచి 2022 వరకు ఉపరాష్ట్రపతిగా ఉంటూ రాజ్యసభకు అధ్యక్షత వహించారు. అమెరికాలోనూ ఉపాధ్యక్షుడే సెనేట్‌కు అధిపతి. ఓట్లు సరిసమానమైనప్పుడు మాత్రమే ఆయన ఓటు వేస్తాడు. ఆ ఒక్క ఓటు ఎంత పని చేయగలదో కింద చెప్పే ఉదాహరణలో కనిపిస్తుంది.

2025లో అమెరికా నుంచి స్వదేశానికి పంపే డబ్బు మీద పన్ను వేస్తారన్న వార్త మన ఇళ్లలో కలవరం రేపింది. ఆ బిల్లు నడిచిన దారిని అడుగడుగునా చూస్తే కాంగ్రెస్ పని తీరు మొత్తం అర్థమవుతుంది. ప్రతినిధుల సభ కమిటీ దశలో పన్ను రేటు 5 శాతం అన్నారు. మే 22న సభ 215–214 ఓట్లతో బిల్లును ఆమోదించే నాటికి అది 3.5 శాతానికి దిగింది. సెనేట్‌కు వెళ్లాక రేటు 1 శాతానికి తగ్గడమే కాక, నగదుగా గానీ మనీ ఆర్డరుగా గానీ క్యాషియర్ చెక్కుగా గానీ ఇచ్చి పంపే సొమ్ముకే అది పరిమితమైంది. అమెరికా బ్యాంకు ఖాతా నుంచి పంపే డబ్బుకు మినహాయింపు లభించింది. జులై 1న సెనేట్‌లో ఓట్లు 50–50గా నిలిచినప్పుడు ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ ఓటుతో బిల్లు గట్టెక్కింది. సెనేట్ మార్చిన రూపాన్ని ప్రతినిధుల సభ జులై 3న మళ్లీ 218–214 ఓట్లతో ఆమోదించింది, జులై 4న అధ్యక్షుడి సంతకంతో చట్టమైంది. పన్ను 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మే నెలలో 5 శాతం అన్న మాట విని తొందరపడిన వారు ఎవరైనా ఉంటే, వారు భయపడినది సభ ఆమోదించని అంకెకు. బిల్లు ఏ దశలో ఉందో చూడకుండా అందులోని అంకెను నమ్మరాదు అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ఈ ఉదాహరణలో గమనించవలసినవి మరికొన్ని ఉన్నాయి. పన్నుల బిల్లు ప్రతినిధుల సభలోనే మొదలు కావాలి, మన ద్రవ్య బిల్లు లోక్‌సభలో మొదలైనట్టే. అయితే రాజ్యసభ ద్రవ్య బిల్లుకు సిఫారసులు మాత్రమే చేయగలదు. సెనేట్ మాత్రం పన్నుల బిల్లునైనా తనకు నచ్చినట్టు మార్చగలదు. ఉభయ సభలూ అక్షరం తేడా లేకుండా ఒకే రూపాన్ని ఆమోదిస్తేనే అది అధ్యక్షుడి వద్దకు వెళుతుంది. అలాగే సెనేట్‌లో మామూలు బిల్లుపై చర్చను ముగించడానికి 60 ఓట్లు కావాలి. బడ్జెట్‌కు సంబంధించిన ఒక ప్రత్యేక ప్రక్రియలో మాత్రమే సాధారణ మెజారిటీ సరిపోతుంది. పై బిల్లు ఆ ప్రత్యేక ప్రక్రియలో వచ్చింది కనుకనే ఒక్క ఓటుతో నెగ్గింది.

వలస విధానాన్ని సమూలంగా మార్చే బిల్లులకు ఆ సౌకర్యం దాదాపు దొరకదు. గ్రీన్ కార్డు వరుసలో ఉన్న మన వారి కథ ఇదే. ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డులలో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించరాదన్న పరిమితి కాంగ్రెస్ చేసిన చట్టంలో ఉంది. దాన్ని ఎత్తివేసే బిల్లును 2019 జులైలో ప్రతినిధుల సభ 365–65 ఓట్లతో ఆమోదించింది. 2020 డిసెంబరులో సెనేట్ కూడా దాన్ని మార్పులతో, ఎవరి అభ్యంతరమూ లేకుండా ఆమోదించింది. కానీ రెండింటి పాఠాలు వేరు కావడంతో, తేడాలు సర్దుబాటు కాకుండానే ఆ కాంగ్రెస్ రెండేళ్ల కాలం 2021 జనవరిలో ముగిసింది, బిల్లు మురిగిపోయింది. ఉభయ సభలలో మద్దతు ఉన్న విషయమే అలా ఆగిపోయిందంటే, ఎవరో ఒక సభ్యుడు హెచ్-1బి (నిపుణులకు ఇచ్చే తాత్కాలిక ఉద్యోగ వీసా) రద్దు చేయాలంటూ ప్రవేశపెట్టిన బిల్లును చూసి నిద్ర మానుకోనవసరం లేదు. ప్రతి రెండేళ్ల కాలంలో వేల బిల్లులు దాఖలవుతాయి, వాటిలో చట్టమయ్యేవి అతి కొద్ది.

ఉభయ సభలు ఆమోదించిన బిల్లును అధ్యక్షుడు తిరస్కరించవచ్చు. అప్పుడు రెండు సభలూ మూడింట రెండు వంతుల మెజారిటీతో మళ్లీ ఆమోదిస్తే తప్ప అది చట్టం కాదు.

అధ్యక్షుడి సంతకం, శాఖల నిబంధన

అధ్యక్షుడు చట్టం చేయలేడు. అయితే కాంగ్రెస్ గతంలో చేసిన చట్టాలు అతనికి చాలా విచక్షణ అప్పగించాయి. ఆ విచక్షణను వాడి ఇచ్చే ఉత్తర్వులు, ప్రకటనలు వెంటనే అమల్లోకి రాగలవు, అంతే వేగంగా మారగలవు, తరువాతి అధ్యక్షుడు ఒక్క సంతకంతో రద్దు చేయగలడు. 2025 సెప్టెంబరు 19న వెలువడిన హెచ్-1బి ప్రకటన ఇందుకు తగిన పాఠం. లక్ష డాలర్ల రుసుము అనగానే, అప్పటికే వీసా ఉండి సెలవుపై వచ్చిన వారు కూడా విమానం టికెట్ల కోసం పరుగులు తీశారు. ఒకటి రెండు రోజుల్లోనే అది కొత్త దరఖాస్తులకే వర్తిస్తుందనీ, అప్పటికే వీసా ఉన్నవారికి కాదనీ అక్కడి ప్రభుత్వం స్పష్టం చేసింది. అధ్యక్ష ప్రకటన వెలువడిన రోజున మూల పత్రాన్ని వైట్‌హౌస్ వెబ్‌సైట్‌లో చదవడం, సంబంధిత శాఖ ఇచ్చే వివరణ కోసం ఒకటి రెండు రోజులు ఆగడం అలవాటు చేసుకోవాలి. ఇదే హెచ్-1బిలో సంవత్సరానికి 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసిన వారికి అదనంగా 20,000 అన్న పరిమితి మాత్రం చట్టంలోనిది. దాన్ని ఏ అధ్యక్షుడూ పెంచలేడు, తగ్గించలేడు.

రొయ్యల రైతు విషయంలో ఈ తేడాను ఇంకా లోతుగా తెలుసుకోవలసి ఉంది, ఎందుకంటే మన సరుకు మీద పడే సుంకాలు ఒకే చోటి నుంచి రావు. భారత రొయ్యలపై 2005 నుంచి ఉన్న యాంటీ డంపింగ్ సుంకం (సరుకును అన్యాయంగా తక్కువ ధరకు అమ్ముతున్నారని వేసేది), 2024 చివరలో తోడైన సబ్సిడీ వ్యతిరేక సుంకం అమెరికా వాణిజ్య శాఖ, అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ చట్టబద్ధమైన విచారణ జరిపి విధించినవి. అక్కడి రొయ్యల పరిశ్రమ వారు ఫిర్యాదు చేయడం, ఎగుమతిదారుల లెక్కలను పరిశీలించడం, రేటును ఏటా సమీక్షించడం, ఐదేళ్లకోసారి కొనసాగించాలా వద్దా అని తేల్చడం ఆ ప్రక్రియలోని దశలు. ఇది నెమ్మదిగా వస్తుంది, నెమ్మదిగానే పోతుంది. 2025 ఆగస్టులో పడినవి వేరు. ఆగస్టు 7 నుంచి 25 శాతం, రష్యా చమురు కొనుగోళ్లను కారణంగా చూపుతూ ఆగస్టు 27 నుంచి మరో 25 శాతం సుంకాలు అధ్యక్షుడు 1977 నాటి అత్యవసర ఆర్థికాధికారాల చట్టాన్ని ఆధారం చేసుకుని విధించినవి. సుంకాలు విధించే అధికారం రాజ్యాంగం మొదటి అధికరణలో కాంగ్రెస్‌కు ఇచ్చినది కనుక, ఆ చట్టం అధ్యక్షుడికి ఇంత అధికారం ఇస్తుందా అన్న ప్రశ్నతో కొందరు దిగుమతిదారులు, కొన్ని రాష్ట్రాలు కోర్టుకు వెళ్లాయి. 2025 మే నెలలో అమెరికాలోని అంతర్జాతీయ వాణిజ్య న్యాయస్థానం, ఆగస్టు 29న అప్పీలు న్యాయస్థానం అధ్యక్షుడికి వ్యతిరేకంగా తీర్పు చెప్పాయి, వివాదం సుప్రీంకోర్టుకు చేరి నవంబరు 5న వాదనలు జరిగాయి. ప్రాసెసింగ్ ప్లాంటు వారు 'సుంకం వల్ల ధర తగ్గించాం' అన్నప్పుడు ఏ సుంకం, ఎప్పటి నుంచి, ఎంత శాతం అని అడగగలిగిన రైతుకు, అడగలేని రైతుకు మధ్య బేరంలో చాలా తేడా ఉంటుంది.

శాఖలు చేసే నిబంధనలు చట్టానికీ ఉత్తర్వుకూ నడుమ నిలుస్తాయి. 1946 నాటి పరిపాలనా ప్రక్రియ చట్టం ప్రకారం శాఖ ముందు ప్రతిపాదనను ఫెడరల్ రిజిస్టర్ అనే అధికారిక గెజెట్‌లో ప్రచురించి, ప్రజల అభిప్రాయాలు స్వీకరించి, వాటిని పరిశీలించిన తరువాతే తుది నిబంధనను ప్రకటించాలి. హెచ్-1బి ఉద్యోగుల భార్యాభర్తలలో అర్హులైన వారికి పని అనుమతి 2015లో ఈ మార్గంలోనే వచ్చింది. ఒక నిబంధన ద్వారా వచ్చింది కనుక కోర్టులో సవాలు చేశారు, రద్దు చేస్తామని ఒక ప్రభుత్వం ప్రతిపాదించింది. అయినా రద్దు ప్రక్రియ పూర్తి కానందున అనుమతి నిలిచింది. వార్తలో 'ప్రతిపాదిత నిబంధన' అని ఉంటే అది ఇంకా అమల్లోకి రాలేదని గుర్తించాలి.

ఖజానా నుంచి డబ్బు తీయాలంటే మళ్లీ కాంగ్రెస్ ఆమోదమే కావాలి. అక్టోబరు 1న మొదలయ్యే ఆర్థిక సంవత్సరానికి నిధుల బిల్లులు సకాలంలో నెగ్గకపోతే అత్యవసరం కాని కార్యాలయాలు మూతపడతాయి. 2018–19 శీతకాలంలో ఈ స్తంభన 35 రోజులు సాగింది, 2025లో 43 రోజులు సాగింది. వీసా రుసుములతో నడిచే కార్యాలయాలు సాధారణంగా పనిచేస్తూనే ఉంటాయి గానీ, హెచ్-1బికి ముందుగా కావలసిన కార్మిక శాఖ ధ్రువీకరణ ఆగిపోయే అవకాశం ఉంది.

న్యాయస్థానాలు

సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు. అధ్యక్షుడు నామినేట్ చేస్తాడు, సెనేట్ ఆమోదిస్తుంది, ఆ తరువాత వారికి పదవీ విరమణ వయసు లేదు. చట్టం రాజ్యాంగానికి విరుద్ధమైతే కొట్టివేసే అధికారం తమకుందని 1803లోనే వారు స్థిరపరిచారు. కింది స్థాయిలో జిల్లా న్యాయస్థానాలు, వాటి పైన అప్పీలు న్యాయస్థానాలు ఉంటాయి. కింది కోర్టు ఆపిందంటే తుది మాట కాదు. అయినా ఆ ఆపడం వల్ల వచ్చే నెలలు ఒక కుటుంబానికి చాలా విలువైనవి కావచ్చు. 2025 జనవరి 20న జన్మతః పౌరసత్వాన్ని పరిమితం చేస్తూ వచ్చిన ఉత్తర్వు తాత్కాలిక వీసాలపై ఉన్న తల్లిదండ్రులకు పుట్టే పిల్లలకూ వర్తించేలా ఉండడంతో మన వారిలో ఆందోళన కలిగింది. ఆ హక్కు 1868 నాటి పద్నాలుగవ సవరణలో ఉన్నందున అనేక ఫెడరల్ న్యాయస్థానాలు వెంటనే అమలును నిలిపివేశాయి. ఉత్తర్వు రాజ్యాంగంతో తలపడినప్పుడు తుది నిర్ణయం సంతకం చేసినవాడిది కాదు.

రాష్ట్రం సంగతి

పొట్టి శ్రీరాములు గారి ఆత్మార్పణంతో రాష్ట్రం సాధించుకున్న ప్రాంతం మనది, 2014లో శాసనసభ తిరస్కరించినా పార్లమెంటు చట్టంతో రాష్ట్రం విడిపోవడం చూసిన తరం కూడా మనదే. అమెరికాలో ఆ రాష్ట్ర శాసనసభ సమ్మతి లేకుండా కాంగ్రెస్ ఏ రాష్ట్రాన్నీ విభజించలేదు. రాజ్యాంగం నాలుగవ అధికరణ దాన్ని స్పష్టంగా నిషేధించింది. ఈ ఒక్క విషయం నుంచి అక్కడి రాష్ట్రాల బలం గ్రహించవచ్చు. గవర్నరును కేంద్రం నియమించదు, ప్రజలు ఎన్నుకుంటారు. మన ముఖ్యమంత్రి చేసే పని అక్కడ ఆయన చేస్తాడు. డ్రైవింగ్ లైసెన్సు, ప్రభుత్వ విశ్వవిద్యాలయ రుసుములు, పోలీసు, తుపాకుల నియమాలు, మరణశిక్ష, 2022 నాటి సుప్రీంకోర్టు తీర్పు తరువాత గర్భస్రావపు చట్టాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. పాఠశాల బోర్డు సభ్యులను చాలా చోట్ల స్థానికులే ఎన్నుకుంటారు. కనుక 'అమెరికాలో ఇలా చేశారు' అన్న వార్తలో ఏ రాష్ట్రమన్నది మొదట వెతకాలి. టెక్సస్‌లోని డాలస్‌లో ఉన్న కొడుకుకు వర్తించేది న్యూజెర్సీలో ఉన్న కూతురికి వర్తించకపోవచ్చు.

పార్టీలు: అధిష్ఠానం లేని రాజకీయం

మన పాఠకుడు ఎక్కువగా తప్పుదారి పట్టేది పార్టీల దగ్గరే. మన దగ్గర అభ్యర్థి ఎవరన్నది పార్టీ అధినేత నిర్ణయిస్తాడు, బి-ఫారం ఎవరి చేతికి వస్తే వారే అభ్యర్థి. గెలిచాక పార్టీ విప్‌ను ధిక్కరిస్తే 1985లో వచ్చిన పదవ షెడ్యూలు ప్రకారం సభ్యత్వం పోతుంది. అమెరికాలో ఈ రెండూ లేవు. అభ్యర్థిని ఎంపిక చేసేది ప్రైమరీ ఎన్నికలో ఓటు వేసే సాధారణ ఓటర్లు; కొన్ని రాష్ట్రాలలో కాకస్ అనే స్థానిక సమావేశాలు ఆ పని చేస్తాయి. పార్టీ పెద్దలకు ఇష్టం లేని వ్యక్తి ప్రైమరీలో నెగ్గితే అతనే అభ్యర్థి, 2016లో రిపబ్లికన్ పార్టీలో డొనాల్డ్ ట్రంప్ విషయంలో జరిగింది అదే. పార్టీకి విప్‌లు ఉంటారు, బతిమాలుతారు, ఒత్తిడి తెస్తారు, కానీ సభ్యత్వం తీసివేయలేరు. 2017 జులైలో ఆరోగ్య బీమా చట్టం రద్దుకు తన పార్టీ తెచ్చిన బిల్లును రిపబ్లికన్ సెనేటర్ జాన్ మెకెయిన్ ఓటుతో ఓడించాడు, సెనేటర్‌గానే కొనసాగాడు. పైన చెప్పిన 2025 బిల్లుకూ ముగ్గురు రిపబ్లికన్ సెనేటర్లు వ్యతిరేకంగా ఓటు వేశారు కనుకనే ఓట్లు సమానమయ్యాయి. అందువల్ల 'అధికార పార్టీకి మెజారిటీ ఉంది కాబట్టి బిల్లు నెగ్గుతుంది' అన్న మన లెక్క అక్కడ పనిచేయదు. ఒక్కో సభ్యుడు తన నియోజకవర్గపు ప్రైమరీ ఓటర్లకు జవాబు చెప్పుకోవాలి, అతని భయం అక్కడ ఉంటుంది.

పార్టీలలో చేరడానికి సభ్యత్వ రుసుము, రసీదు వంటివి ఉండవు. న్యూజెర్సీ వంటి రాష్ట్రాలలో ఓటరుగా నమోదయ్యేటప్పుడే ఏ పార్టీ వారో నమోదు చేసుకోవచ్చు. టెక్సస్, జార్జియా, వర్జీనియాలలో ఆ నమోదే లేదు. ప్రైమరీ రోజున ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అడిగి తీసుకుంటారు.

డెమొక్రటిక్ పార్టీ మూలాలు 1820ల నాటివి, రిపబ్లికన్ పార్టీ బానిసత్వ విస్తరణను వ్యతిరేకిస్తూ 1854లో పుట్టింది. ఇప్పటి స్వభావాన్ని పట్టి గతాన్ని ఊహించరాదు. అబ్రహాం లింకన్ రిపబ్లికన్. ఆ కాలంలో దక్షిణాది తెల్లజాతి భూస్వాముల బలం డెమొక్రటిక్ పార్టీకి ఉండేది. 1930లలో ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ ఆర్థిక మాంద్యాన్ని ఎదుర్కొనేందుకు ప్రభుత్వ వ్యయాన్ని, సంక్షేమాన్ని విస్తరించాక కార్మికులు, పేదలు, నల్లజాతి ఓటర్లు డెమొక్రట్ల వైపు మళ్లారు. డెమొక్రట్ అయిన లిండన్ జాన్సన్ 1964లో పౌరహక్కుల చట్టంపై సంతకం చేసిన తరువాత దక్షిణాది క్రమంగా రిపబ్లికన్ల వైపు జరిగింది. నేడు స్థూలంగా చెప్పాలంటే, తక్కువ పన్నులు, తక్కువ నియంత్రణ, సంప్రదాయ విలువలు, తుపాకీ హక్కు రిపబ్లికన్ల వైపు. సంక్షేమం, పర్యావరణ నియంత్రణ, గర్భస్రావ హక్కు డెమొక్రట్ల వైపు ఉంటాయి. మ్యాపులలో ఎరుపు రిపబ్లికన్లది, నీలం డెమొక్రట్లది. మనకు అలవాటైన ఎర్రజెండా అర్థాన్ని అక్కడికి తీసుకెళ్లరాదు. హెచ్-1బి విషయంలో మాత్రం రెండు పార్టీలలోనూ అనుకూలురు, వ్యతిరేకులు ఉన్నారు. పరిశ్రమకు నిపుణులు కావాలనే వారు, స్థానిక ఉద్యోగాలు పోతున్నాయనే వారు ఇరువైపులా కనిపిస్తారు. ఒక పార్టీ గెలిస్తే వీసాలు సులభమవుతాయని నమ్మి పిల్లల చదువుకు అప్పు చేయడం మంచిది కాదని నా అభిప్రాయం.

మూడవ పార్టీలు ఉన్నా నిలబడవు. నియోజకవర్గానికి ఒకే విజేత కావడం అందుకు ప్రధాన కారణం. 1992లో స్వతంత్ర అభ్యర్థి రాస్ పెరో దాదాపు 19 శాతం ఓట్లు తెచ్చుకొని కూడా అధ్యక్ష ఎన్నికలో ఒక్క ఎలక్టోరల్ ఓటు (అధ్యక్షుడిని ఎన్నుకునేందుకు రాష్ట్రాలకు కేటాయించిన ఓటు) పొందలేకపోయాడు.

ఎన్నికల రాత్రి లెక్క

నవంబరులో మొదటి సోమవారం తరువాతి మంగళవారం ఎన్నికల రోజు. అధ్యక్షుడిని ఎన్నుకునే ఎలక్టోరల్ ఓట్లు 538. ప్రతినిధుల సభ, సెనేట్ స్థానాల మొత్తానికి రాజధాని వాషింగ్టన్ కోసం మూడు కలిపితే వచ్చే సంఖ్య అది. గెలుపుకు 270 కావాలి. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగిలిన 48 రాష్ట్రాలలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా ఆ రాష్ట్రపు ఎలక్టోరల్ ఓట్లన్నీ ఒకరికే. 2000లో ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడా దేశాధ్యక్షుడిని నిర్ణయించింది. దేశం మొత్తం మీద ఓడిన అల్ గోర్‌కు ఐదు లక్షలకు పైగా ఎక్కువ ఓట్లు వచ్చాయి. 2016లోనూ ఓడిన హిల్లరీ క్లింటన్‌కే ఎక్కువ ఓట్లు. అందుకని దేశవ్యాప్త సర్వేలో ఎవరు ముందున్నారో చూడడం కంటే పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్, జార్జియా, అరిజోనా వంటి ఊగిసలాడే రాష్ట్రాల సర్వేలు చూడడం ప్రయోజనకరం.

మన ఎన్నికల సంఘం వంటి ఒకే సంస్థ అక్కడ ఎన్నికలు నిర్వహించదు. రాష్ట్రాలు, కౌంటీలు (మన జిల్లాల వంటివి) తమ తమ నియమాలతో నడుపుతాయి. ఎన్నికల రాత్రి గెలుపును చెప్పేది టీవీ సంస్థల అంచనాలు. అధికారిక ధ్రువీకరణ తరువాతి వారాల్లో రాష్ట్రాలు చేస్తాయి, డిసెంబరులో ఎలక్టర్లు (రాష్ట్రాల తరఫున ఎలక్టోరల్ ఓటు వేసేవారు) ఓటు వేస్తారు, జనవరి 6న కాంగ్రెస్ ఆ ఓట్లను లెక్కిస్తుంది, జనవరి 20న ప్రమాణ స్వీకారం. అధ్యక్ష ఎన్నికలకు మధ్య రెండేళ్లకు, అంటే 2026 నవంబరు 3న, ప్రతినిధుల సభ మొత్తానికీ సెనేట్‌లో మూడో వంతుకూ ఎన్నికలు ఉన్నాయి. అధ్యక్షుడు మారడు గానీ, సభ చేతులు మారితే ఆయన ఎజెండా బిల్లులు అక్కడితో ఆగిపోవచ్చు.

అక్కడ ఉండే మన వారికి

ఓటు హక్కు పౌరులకే. హెచ్-1బి, ఎఫ్-1 (విద్యార్థి) వీసాలపై ఉన్నవారికి గానీ గ్రీన్ కార్డు వచ్చినవారికి గానీ అధ్యక్ష, కాంగ్రెస్ ఎన్నికలలో ఓటు లేదు. 1993 నాటి చట్టం ప్రకారం డ్రైవింగ్ లైసెన్సు కార్యాలయాలలోనే ఓటరు నమోదు పత్రం కూడా చేతికి ఇస్తారు. ఇక్కడి నుంచి వెళ్లిన తల్లిదండ్రులు, కొత్త విద్యార్థులు చదవకుండా సంతకం చేసే ప్రమాదం ఉంది. పౌరుడినని తప్పుగా ప్రకటించడం దేశబహిష్కరణకు దారితీయగల తీవ్రమైన విషయం కనుక, ఆ ప్రశ్నకు 'కాదు' అని గుర్తు పెట్టాలని విమానం ఎక్కక ముందే చెప్పి పంపాలి. ఎన్నికల విరాళం ఇవ్వడానికి గ్రీన్ కార్డు ఉన్నవారికి చట్టం అనుమతి ఇస్తుంది, తాత్కాలిక వీసాలవారికి ఇవ్వదు.

గ్రీన్ కార్డు వచ్చిన ఐదేళ్లకు, పౌరుల జీవిత భాగస్వాములైతే సాధారణంగా మూడేళ్లకు, పౌరసత్వానికి దరఖాస్తు చేయవచ్చు. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు చేసేవారికి పౌరశాస్త్ర పరీక్షలో 128 ప్రశ్నల జాబితా నుంచి 20 వరకు అడుగుతారు, 12 సరిగా చెప్పాలి. ఈ వ్యాసంలోని విషయాలలో చాలా భాగం ఆ జాబితాలోనివే. ఆంగ్లం రాని పెద్దలకు కొంత వెసులుబాటు ఉంది: 50 ఏళ్లు నిండి 20 ఏళ్లు, లేదా 55 ఏళ్లు నిండి 15 ఏళ్లు గ్రీన్ కార్డుతో నివసించినవారు ఆంగ్ల పరీక్ష నుంచి మినహాయింపు పొంది, దుబాసీ సాయంతో పౌరశాస్త్ర ప్రశ్నలకు తెలుగులోనే జవాబు చెప్పవచ్చు.